మూడు దారుల దగ్గర మందుల దుకాణం

నాకు ఆటలంటే పెద్దగా ఇష్టం ఉండేది కాదు. చిన్నప్పుడు అష్టాచెమ్మా కూడా మా అన్న బలవంతపెడితేనే ఆడేదాన్ని. అలాంటి నేను ముప్పై ఆరేళ్ల వయసులో ఫోనులో ఒక ఆటలోకి వెళ్లి, అందులో మందుల దుకాణం పెట్టి, దాన్ని రెండేళ్లకు పైగా నడిపానంటే మా పుట్టింటివాళ్లు ఇప్పటికీ పూర్తిగా నమ్మరు. ఆ దుకాణం గురించి చెప్పాలంటే ముందు నా గొంతు గురించి చెప్పాలి.

మాది చేవెళ్ల. బస్టాండుకు కాస్త అవతల మా నాన్నకు, అంటే బాపుకు, దుకాణం ఉండేది. కిరాణా సామానుతో పాటు శొంఠి, పిప్పళ్లు, కరక్కాయ, అతిమధురం లాంటివి కూడా అమ్మేవాడు. బాలింత ఉన్న ఇంటినుంచి ఎవరైనా వస్తే, ఏమేం కావాలో వాళ్లు చెప్పనక్కర్లేదు. కాయానికి, అంటే బాలింతకు పెట్టే మందుకు, పడే సరుకులన్నీ వేటికవి పొట్లాలు కట్టి, అన్నీ కలిపి ఒక్క మూటగా చేసి చేతిలో పెట్టేవాడు. ఆ దుకాణంలోనే నాకు బుద్ధి తెలిసింది. ఏ డబ్బాలో ఏముందో కళ్లు మూసుకుని వాసనతో చెప్పేదాన్ని. చెప్పేదాన్ని అంటే, నోరు సహకరించినప్పుడు.

నాకు మాటలు వచ్చినప్పటినుంచే నత్తి. అన్ని మాటలకూ కాదు. క, ప, మలతో మొదలయ్యే మాటల దగ్గర గొంతు తలుపు వేసుకున్నట్టు ఆగిపోయేది. లోపల మాట సిద్ధంగా ఉండేది. బయటికి రావడమే ఉండేది కాదు.

పదకొండు, పన్నెండేళ్లప్పుడు ఒకరోజు బాపు లోపల బెల్లం దింపుకుంటుంటే గల్లా దగ్గర నేను కూర్చున్నాను. షాబాద్ బస్సు కదలబోతోంది. ఒక పెద్దమనిషి తలపాగా సర్దుకుంటూ పరుగున వచ్చాడు.

"కరక్కాయ ఉన్నదా బిడ్డా?"

కావాల్సినంత ఉన్నదని చెప్పబోయాను. మొదటి అక్షరమే పడలేదు. నేను ఇంకా ఆ అక్షరం మీదే ఉండగా బస్సు హారన్ కొట్టింది. ఆయన నా వంక ఒకసారి, బస్సు వంక ఒకసారి చూశాడు. "లేకుంటే లేదని చెప్పరాదా బిడ్డా" అని వెళ్లిపోయాడు. కోపంగా అనలేదు. తొందరలో అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చూసినట్టున్నాడు.

ఆ సాయంత్రం బాపు నా తల నిమిరి, "రేపటి సంది నువ్వు లోపల మూటలు కట్టు బిడ్డా. గల్లా కాడ అన్న కూసుంటడు" అన్నాడు. తిట్టలేదు, జాలిగా చూడలేదు. అప్పటినుంచి పెళ్లయ్యేదాకా లోపలి గదిలో మూటలు కట్టాను. చేవెళ్లలో నా అంత గట్టిగా, నా అంత చక్కగా మూట కట్టేవాళ్లు లేరని బాపు అందరికీ చెప్పుకునేవాడు.

పెళ్లయి మొయినాబాద్ వచ్చాను. అత్తగారివాళ్లది హార్డ్‌వేర్ దుకాణం. పైపులు, నల్లాలు, మోటారు సామాన్లు. చుట్టుపక్కల పూలతోటలకు కావలసిన డ్రిప్ పైపులు మా దగ్గరే తీసుకునేవారు. ఇల్లు దుకాణం పైన. దుకాణం ముందే చిల్కూరు ఆటోలు ఆగేవి. గల్లా దగ్గర కూర్చోమని నన్నెవరూ అడగలేదు. అడగనందుకు సంతోషించాను కూడా.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బేరం ఉండేది కాదు. ఆ వేళలో మా ఆయన ఫోనులో ఆట ఆడేవాడు. వేలమంది ఒకేసారి ఆడే ఆట అది. ప్రతివాళ్లూ ఒక మనిషిని తయారుచేసుకుని, ఆ మనిషితో అడవుల్లో, కొండల్లో తిరుగుతారు. కొందరు కత్తి పట్టి గుహల్లో రాక్షసులతో కొట్లాడుతారు. కొందరు గొడ్డలి, కొందరు మంత్రం. ఎదురయ్యే ప్రతి మనిషి వెనకా నిజంగా ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. వాళ్లతో అక్షరాలు కొట్టి మాట్లాడవచ్చు. మా ఆయనది కత్తి పట్టిన మనిషి.

నేను అన్నం డబ్బా తీసుకుని కిందికి దిగితే ఆయన ఫోను నా చేతికిచ్చేవాడు.

"జర పట్టుకో. నేను తినేదాక వాడు సావకుండ చూడు."

నాకు కొట్లాట రాదు. అందుకని వాణ్ని కొట్లాటలు లేనివైపు నడిపించేదాన్ని. అలా నడుస్తుంటే దారి పక్కన ఆకులు, వేళ్లు కనిపించేవి. వాటిని కోసుకోవచ్చు, ఒకదాంతో ఒకటి కలిపితే మందు తయారవుతుంది. గాయం మానేది ఒకటి, విషం విరిచేది ఒకటి, చలికి ఒకటి. ఆయన అన్నం తిని చేయి కడుక్కుని వచ్చేసరికి వాడి సంచి నిండా మందులుండేవి.

"ఇవన్ని ఏడికెల్లి వచ్చినయే?" అని ఆశ్చర్యపోయాడు మొదటిరోజు.

నెల తిరగకముందే ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోనులో నాకోసం ఒక మనిషిని తయారుచేసుకున్నాను. ఆడమనిషా, మగమనిషా అని ఆట అడిగితే, ముసుగు వేసుకున్న ఒక ముసలి వ్యాపారిని ఎంచుకున్నాను. ఎందుకని ఇప్పుడు అడిగితే సరిగ్గా చెప్పలేను. మొహం కనపడకపోతే చాలనిపించింది.

ఆ ఆటలో దుకాణం పెట్టాలంటే కాస్త జాగా కిరాయికి తీసుకుని, సరుకు పెట్టుకోవాలి. మనం లేనప్పుడు ఒక బొమ్మ కూర్చుని అమ్ముతుంది. మందులు అమ్మేవాళ్లంతా రాజుగారి కోట ముందున్న పెద్ద బజారులో వరసగా ఉండేవారు. నేను అక్కడ పెట్టలేదు. మా ఆయన మనిషిని నడిపిస్తున్న రోజుల్లో ఒకటి గమనించాను. కోటకు చాలా దూరాన అడవి మొదలయ్యే చోట దారి మూడుగా చీలుతుంది. ఒకటి పాముల గుహకు, ఒకటి మంచుకొండకు, ఒకటి పాత గనులకు. జనం అక్కడికి వచ్చాక ఆగి, సంచులు వెతుక్కునేవారు. "ఎవరి దగ్గరైనా విషానికి మందు ఎక్కువుందా?" అని ఒకరినొకరు అడుక్కునేవారు. మళ్లీ కోటదాకా వెళ్లే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. అక్కడ ఒక్క దుకాణం కూడా లేదు.

సంగతి చెబితే మా ఆయన నవ్వాడు. "అడవిల దుకాణమా? పిట్ట గూడ రాదు."

మొదటి నాలుగైదు రోజులు ఆయన అన్నట్టే అయింది. జనం వచ్చేవారు, ఆగేవారు, వరసగా ఉన్న సీసాలను చూసేవారు, వెళ్లిపోయేవారు. ఏది ఎందుకో వాళ్లకు తెలియడం లేదని నాకు ఆరోరోజున తట్టింది. బాపు దగ్గరికి బాలింత మందుకని వచ్చినవాళ్లకు పిప్పళ్లు ఎన్ని, వాము ఎంత అని తెలుసా? ఏ ఇంటికి, ఎన్నో కాన్పు అని బాపే అడిగేవాడు. మిగతాది మూట చూసుకునేది.

ఆ రోజే సీసాలన్నీ తీసేసి మూడు మూటలు పెట్టాను. పాముల గుహ మూట, మంచుకొండ మూట, గనుల మూట. పాముల గుహదానిలో విషానికి రెండు, గాయానికి అయిదు, ఒక దీపం. మంచుకొండదానిలో చలిమందు, కాస్త తిండి. వచ్చినవాళ్లను ఒక్క మాటే అడిగేదాన్ని, అక్షరాల్లో. "ఎటు పోతున్నరు?"

అంతే. బేరం అందుకుంది.

బొమ్మకు వదిలేయకుండా మధ్యాహ్నాలు నేనే కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లు ఎంతమంది, ఇంతకుముందు ఆ గుహకు వెళ్లారా, ఎక్కడ దెబ్బతిన్నారు, అన్నీ అడిగేదాన్ని. అక్కర్లేనిది అడిగితే, ఇది మీకు వద్దు, దండగ అని చెప్పేదాన్ని. మర్నాడు కనపడితే "నిన్న పాము ఏమన్నది?" అని పలకరించేదాన్ని. మనుషులు గుంపులుగా చేరి ఆడతారు. అలాంటి ఒక గుంపు పెద్ద ఒకరోజు వచ్చి తనవాళ్లందరికీ ఇకనుంచి నా దగ్గరే మూటలు కొనమని చెప్పానన్నాడు. రెండు నెలల్లో నా పక్కన మరో ఆరు దుకాణాలు వెలిశాయి. నా మూటలను చూసి మూటలు కట్టారు, నాకంటే తక్కువకు ఇచ్చారు. అయినా నా ముందున్న గుంపు తగ్గలేదు.

అందరూ నన్ను "సేట్" అనేవారు. ముసుగులో ఉన్న ముసలి వ్యాపారి కదా. "సేట్ దగ్గరికి పోతే పాణం గట్టిగుంటది" అని ఒకరు రాశారు. ఆ మాటను నేను ఎన్నిసార్లు చదువుకున్నానో. అక్షరాల్లో నేను గలగలా మాట్లాడేదాన్ని. హాస్యాలాడేదాన్ని, దబాయించేదాన్ని, బుజ్జగించేదాన్ని. నాలో ఇంత మాటకారి ఉందని నాకే తెలియదు. క దగ్గర, ప దగ్గర వేళ్లు ఆగవు. ఆ ఏడాదంతా నేను నత్తిలేని మనిషిని.

తరువాత ఆట మారింది. ఒకరోజు తెరవగానే ప్రతి దుకాణం ముందు చిన్న మైకు గుర్తు కనిపించింది. ఇక గొంతుతో మాట్లాడుకోవచ్చట. అందరూ సంబరపడ్డారు. కొట్లాట మధ్యలో ఉన్నవాళ్లకు అక్షరాలు కొట్టే తీరిక ఉండదు, వాళ్లకు అది మంచిదే. నా దుకాణం ముందుకు వచ్చి గొంతుతో అడిగేవారు. నేను అక్షరాల్లో జవాబిచ్చేదాన్ని. చదివేవారు కారు. "సేట్? ఉన్నవా? బొమ్మ ఉన్నట్టున్నది పా" అని పక్క దుకాణానికి వెళ్లేవారు. పక్క దుకాణంవాడు అప్పుడే "రాండ్రి రాండ్రి" అని పిలుస్తుండేవాడు.

నా మొహం చూసి మా ఆయన అడిగాడు. చెప్పాను.

"గంతే గదా. నేను మాట్లాడ్త. నువ్వు పక్కన కూసొని ఏం జెప్పాల్నో చూపియ్యి" అన్నాడు.

ఆయన మాట్లాడాడు. ఆయనది మంచి గొంతు, నవ్వించే గొంతు. గిరాకీ మళ్లీ వచ్చింది. "సేట్ గొంతు ఇన్నం" అని జనం మురిశారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఏ మూట ఇవ్వాలో వేలితో చూపించేదాన్ని. మొదటి రెండు రోజులు బాగానే ఉందనుకున్నాను. మూడో రోజు నుంచి, ఎందుకో, ఆ స్టూలు మీద కూర్చోబుద్ధి కాలేదు.

వారం గడిచాక ఒక గుంపు వచ్చింది. నేను పైన బట్టలు ఆరేస్తున్నాను. "సేట్, మొన్న మా దోస్తులకు ఇచ్చినవ్ గదా, గదే మూట ఇయ్యి" అన్నారట. ఏ దోస్తులో, ఏ మూటో మా ఆయనకు తెలియదు. చేతికందింది ఇచ్చి పంపాడు. వాళ్లు మంచుకొండకు వెళ్లి, సంచి విప్పి చూసుకుంటే అందులో పాములకు విరుగుడు ఉంది. నలుగురూ చలికి చచ్చిపోయారు. ఆటలో చావంటే మళ్లీ మొదటినుంచి నడుచుకుంటూ రావడమే. నడుచుకుంటూ వచ్చి, నా దుకాణం ముందు నిలబడి, నమ్మి వస్తే గిట్ల జేస్తవా సేట్ అని అడిగారు. నేను అక్షరాల్లో క్షమించమని చెప్పి సరైన మూటలు ఇచ్చాను. ఒకతను మాత్రం తీసుకోలేదు.

ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను. మామూలుగా ఆయనతో నాకు నత్తి తక్కువ. ఆ రోజు ఎక్కువైంది.

"మ్... మీరు ఇంక నా దుకాణంల మాట్లాడొద్దు."

"తప్పయింది, ఒప్పుకుంటున్న. ఇంకోసారి నిన్ను అడుగుత."

"అది గాదు."

"మరేంది? నీకు కష్టమైతదని గదా నేను మాట్లాడింది!"

"క్... కష్టం నాదే గదా."

ఆయన లేచాడు. నొచ్చుకున్నాడని తెలిసింది. షట్టర్ దించడానికి వెళ్లాడు.

రెండు రోజులు దుకాణం మూసి చేవెళ్ల వెళ్లాను. పని ఉందని చెప్పాను గానీ ఏ పనీ లేదు. బాపు ఇప్పుడు దుకాణంలో కూర్చోవడం లేదు. అన్న నడిపిస్తున్నాడు. వరండాలో కుర్చీ వేసుకుని చింతకాయలు ఒలుస్తున్న బాపు పక్కన కూర్చున్నాను. ఇరవై అయిదేళ్లుగా అడగని మాట అడిగాను.

"బాపు, నన్ను గల్లా కాడికెల్లి లోపలికి ఎందుకు పంపినవ్?"

"ఎప్పుడు?"

చెప్పాను. షాబాద్ బస్సు, తలపాగా మనిషి, కరక్కాయ. చెప్పడానికి సమయం పట్టింది. బాపు చేతులు ఆపి విన్నాడు.

"నాకు యాదికి లేదు బిడ్డా" అన్నాడు చివరికి. "నువ్వు మూటలు మంచిగ కడ్తవని లోపల కూసోబెట్టిన్నేమో. నీ అన్నకు మూట కట్టుడు ఇప్పటికి గూడ రాదు."

నా వంక చూడకుండా మళ్లీ చింతకాయలు అందుకున్నాడు. నిజంగా గుర్తులేదో, నన్ను ఊరడించాలని అన్నాడో, అప్పుడు చేసింది ఇప్పుడు తప్పనిపించి తప్పించుకున్నాడో నాకు తెలియలేదు. ఇంకోసారి అడగాలనిపించలేదు. మొయినాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. ఆ రోజు బాపు నన్ను లోపలికి పంపాడు, నిజమే. కానీ తరువాత ఎన్నడూ బయటికి వస్తానని నేను అడగలేదు. పెళ్లయ్యాక మరో ఊళ్లో, మరో ఇంట్లో కూడా అడగలేదు. ఆఖరికి ఎవరూ లోపలికి పంపని ఆటలో కూడా ముసుగు నేనే ఎంచుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మైకు నొక్కాను.

మొదట వచ్చినవాడు ఎవరో కొత్తవాడు. "సేట్, మూట" అన్నాడు. నేను ఎటు పోతున్నరని అడిగాను. ఎటుతో కలిసిపోయి ప కూడా తేలిగ్గానే వచ్చింది. "అరే! సేట్ గాదురా, అక్క!" అని వాడు పక్కవాళ్లను పిలిచాడు. ముగ్గురు నలుగురు పోగయ్యారు. పాముల గుహకన్నారు. పాముల గుహకైతే దీపం కూడా ఉండాలని చెప్పబోయి ప దగ్గర ఆగిపోయాను.

"హలో? అక్కా? వాయిస్ కట్ అవుతున్నది."

"ప్... ప్..."

"సిగ్నల్ లేనట్టున్నది. అక్కా, జర బయటికొచ్చి మాట్లాడు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. జీవితంలో మొదటిసారి నా నత్తిని ఎవరో టవర్ మీదికి తోశారు. "అవును, సిగ్నల్ లేదు" అని అక్షరాల్లో రాసి మూట ఇచ్చేశాను.

అప్పటినుంచి నెలరోజులు నా దుకాణానికి సిగ్నల్ లేదు. వచ్చినవాళ్లంతా నా మీద జాలిపడేవారు, ఫోను మార్చమనేవారు, వేరే సిమ్ తీసుకోమనేవారు. నేను సరేననేదాన్ని. గిరాకీ నిలబడింది. రోజూ అబద్ధం ఆడుతున్నానన్న ఇబ్బంది ఒకటి లోపల ఉండేది. అయినా మాట్లాడుతున్నాను కదా అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే గొడ్డలి పట్టిన ఒకామె రావడం మొదలుపెట్టింది. పెద్ద మనిషి, ఇనుప తొడుగులు, భుజం మీద గొడ్డలి. గొంతు మాత్రం మెత్తగా ఉండేది. అందరిలా హలో హలో అనేది కాదు. నేను ఆగిపోతే ఆమె కూడా ఆగేది. మాట పూర్తయ్యేదాకా ఊరికే ఉండి, పూర్తయ్యాక జవాబు చెప్పేది. ఒకరోజు నేను మాట్లాడుతుంటే కింద ఆటోవాళ్లు "చిల్కూర్ చిల్కూర్ చిల్కూర్" అని కేకలు వేశారు. మైకులో పడింది.

"అక్కా, మీది మొయినాబాదా?" అంది ఆమె వెంటనే. "మాది పక్కనే, ఎంకపల్లి!"

నేను భయపడిపోయాను. మైకు ఆపేసి, సిగ్నల్ లేదు, తరువాత మాట్లాడతానని రాసి దుకాణాన్ని బొమ్మకు అప్పగించి బయటికి వచ్చేశాను. ఆటలోని మనుషులు ఆటలోనే ఉండాలని నాకప్పుడు గట్టిగా ఉండేది.

పది రోజుల తరువాత మా ఆయన పైపులు దింపించడానికి షాబాద్ వెళ్లాడు. నన్ను కాసేపు కింద ఉండమన్నాడు. ఎవరైనా వస్తే సాయంత్రం రమ్మని చెబితే చాలన్నాడు. గంటసేపు ఎవరూ రాలేదు. తరువాత నా ఈడు మనిషి ఒకామె, తెల్ల చీర మీద స్వెట్టర్ వేసుకుని, ప్లాస్టిక్ కవరులో పాత నల్లా ఒకటి పట్టుకుని వచ్చింది.

"గిట్లాంటిది కావాలె. కారుతున్నది" అని బల్ల మీద పెట్టింది.

సాయంత్రం రమ్మని చెప్పవచ్చు. కానీ ఆ నల్లా నా ఎదురుగా వెనక అరలోనే ఉంది. ఆమెకు కావలసింది ముప్పావు ఇంచుదా, అర ఇంచుదా తెలిస్తే చాలు. నేను ముప్పావు అనబోయాను. మ దగ్గర గొంతు మూతపడింది. ఆమె చూపు తిప్పుకోలేదు. నా బదులు మాట అందించలేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని తీరిగ్గా నిలబడింది.

"ము... ముప్పావుదా, అర ఇంచుదా?"

"ముప్పావుదే" అంది. తరువాత ఆమె మొహం మెల్లగా విప్పారింది. "అక్కా, మీ సిగ్నల్ మంచిగనే ఉన్నదిగా!"

నేను బల్ల పట్టుకుని నిలబడిపోయాను.

"మూడు దారుల కాడ దుకాణం మీదేనా? నేను గొడ్డలామెను" అంది నవ్వుతూ. ఆ తెల్లచీరలో, చేతిలో నల్లాతో, ఆమె గొడ్డలామె అని నమ్మడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఆమె చేవెళ్ల వైపు ఒక దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి వస్తోంది. టీ తెప్పించాను. స్టూలు మీద కూర్చుని తాగింది. రోజంతా మంది నొప్పులు వింటానని, డ్యూటీ దిగాక ఇంటికి వెళ్లి గొడ్డలితో నలుగురు రాక్షసులను నరికితేగానీ నిద్రపట్టదని చెప్పింది. నాది నత్తి అని ఎట్ల తెలిసిందని అడిగాను.

"సిగ్నల్ పోతే మాట ఏడబడితే ఆడ తెగుతదక్కా. మీది ఎప్పుడు గదే అక్షరం కాడ ఆగుతది. మా చర్చిల పాటలు పాడే మా చిన్నాయనకు గూడ నత్తి ఉన్నది. పాడితే రాదు, మాట్లాడితే వస్తది."

"మరి ఎందుకు చెప్పలే?"

"మీరు సిగ్నల్ అంటున్నరు గదా. మీ దుకాణం, మీ ఇష్టం."

ఆమె పనిచేసే దవాఖానలో మాటలు నేర్పే డాక్టరమ్మ వారానికి ఒకరోజు వస్తుందని చెప్పింది. వెళ్లాను. నాలుగైదుసార్లు వెళ్లాను. ఊపిరి ఎట్ల తీసుకోవాలో, ఆగిన అక్షరాన్ని నెట్టకుండా మెత్తగా ఎట్ల వదలాలో చూపించింది. నత్తి పోలేదు. పోతుందని ఆమె చెప్పనూ లేదు. ఆగినప్పుడు భయపడటం కాస్త తగ్గింది.

ఆటలో ప్రతి దుకాణానికి ఒక పలక ఉంటుంది, దాని మీద ఏమైనా రాసుకోవచ్చు. నా పలక మీద అప్పటిదాకా మూటల పేర్లుండేవి. వాటి పైన కొత్తగా రాశాను: "దుకాణదారుకు నత్తి ఉంది. మాట ఆలస్యంగా వస్తుంది. కాసేపు ఆగండి."

కొందరు నవ్వారు. ఒకడు నన్ను వెక్కిరిస్తూ నాలుగు రోజులు నా దుకాణం ముందే తిరిగాడు. తరువాత వాడికే విసుగొచ్చి వెళ్లిపోయాడు. పాత గిరాకీలో కొందరు పక్క దుకాణానికి మారారు. ఎక్కువమంది మాత్రం నిలబడ్డారు. ఇన్నాళ్లూ ఫోను మార్చమని సలహా ఇచ్చినవాళ్లు కాస్త సిగ్గుపడ్డారు. మంచుకొండ మీద చచ్చిపోయిన నలుగురిలో మూట తీసుకోని అతను మళ్లీ వచ్చాడు. ఆ రోజు మాట్లాడిన మగగొంతు ఎవరిదని అడిగాడు. మా ఆయనదని చెప్పాను. "ఆయనను గుహలకు తోలుండ్రి, దుకాణంల వద్దు" అన్నాడు. పక్కనే కూర్చుని వింటున్న మా ఆయన పగలబడి నవ్వాడు. అప్పటిదాకా మా మధ్య ఉండిపోయిన ముభావం ఆ నవ్వుతో పోయింది. ఇంకొకతను పలక ముందు చాలాసేపు నిలబడి, మైకు నొక్కి ఆపి, నొక్కి ఆపి, చివరికి "నాకు కూడా" అని అక్షరాల్లో రాసి వెళ్లిపోయాడు. మళ్లీ కనిపించలేదు. అప్పుడప్పుడు గుర్తొస్తాడు.

ఈమధ్య ఆటలో కొత్త ద్వారాలు పెట్టారు. కోటలో ఆ ద్వారంలోకి అడుగు వేస్తే నేరుగా గుహ ముందు తేలతారు. మూడు దారుల వైపు నడిచి వచ్చేవాళ్లు కరువయ్యారు. పక్కనున్న ఆరు దుకాణాలూ ఒక్కొక్కటిగా లేచిపోయాయి. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. ఒక మధ్యాహ్నం గొడ్డలామె వచ్చి నా సరుకంతా తన గుర్రం మీద వేసుకుంది. ఇద్దరం కలిసి సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన రేవుకు వెళ్లాం. దారి పొడవునా ఆమె ముందు నడుస్తూ అడ్డొచ్చినవాటిని నరికింది. నేను వెనక ఆకులు కోసుకుంటూ నడిచాను.

రేవులో దుకాణం పెట్టి ఇప్పటికి మూడు వారాలు. ఈసారి ముసుగు వేసుకోలేదు. నడివయసు ఆడమనిషిని పెట్టుకున్నాను, చెవులకు కమ్మలు కూడా పెట్టాను. కింద హార్డ్‌వేర్ దుకాణంలో ఉదయంపూట రెండు గంటలు గల్లా దగ్గర నేనే ఉంటున్నాను. ప్లంబర్లు నాకంటే ముందే అలవాటుపడ్డారు.

రేవులో మొదటిరోజు ఒక పడవ మనిషి వచ్చాడు. సముద్రం మీద కళ్లు తిరుగుతున్నాయి, వాంతులకు ఏమైనా ఉందా అని అడిగాడు. నా దగ్గర లేదు. ఏ ఆకుతో తయారవుతుందో కూడా తెలియదు. కనుక్కుని చేసి పెడతాను, రేపు రమ్మని చెప్పాను. కనుక్కుని అనడానికే నాకు చాలాసేపు పట్టింది. అతను తెరచాప దించుకుని ఆగాడు.

మర్నాడు వచ్చాడు.